మొగ్గలు కోసే చెయ్యి

మా బాబాయి మనిషి మొహం చూడడు. కాళ్లు చూస్తాడు. రేవులో ఆయన ఉద్యోగమే అది: పడవ దిగినవాళ్ల జోళ్లకు అంటిన మట్టీ గింజలూ దులిపించి, బయటి మొక్కలు మా దీవిలో అడుగుపెట్టకుండా చూడటం. ఆ ఉద్యోగాన్ని రేవులో వదిలి ఇంటికి రావడం మాత్రం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. పెళ్లికి ముందు, "పిల్ల నచ్చిందా?" అని అడిగితే, "మడమల దగ్గర ఒక్క గింజ లేదు!" అని మురిసిపోయాడట. పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

నవ్వేవాళ్లం గానీ, పాత బడి వైపు వెళ్తే ఎవరికీ నవ్వు వచ్చేది కాదు. ఎవరో ముచ్చటపడి తెచ్చిన తీగ ఒకటి ఆ బడిని గోడలతో సహా మింగేసింది. దాని కింద మా దీవి చెట్లు నిలువునా చచ్చాయి. అక్కడ పిట్ట కూయదు. గాలి లేకపోయినా ఆకులు కదులుతాయి.

"మెల్లగా మాట్లాడవే, వింటుంది," అనేవాడు బాబాయి. నేను అడుగుల చప్పుడు కూడా కాకుండా నడిచేదాన్ని.

అదే తీగ ఒకరోజు లైట్‌హౌస్ అవ్వ కిటికీలో, కుండీలో కనబడింది. నేను నర్సుని, తెల్లవారుజామునే ఆవిడకు సూది వేయడానికి వెళ్లాను.

"పోయిన మా ఆయన తెచ్చిందమ్మా. సాయంత్రం మొగ్గ ఉంటుంది, తెల్లారాక ఉండదు. ఆయనే వచ్చి కోసుకుపోతాడు," అంది అవ్వ.

అంతలో తెరిచిన కిటికీ బయట మంచులోంచి ఒక చెయ్యి వచ్చింది. మనిషి లేడు, చెయ్యి ఒక్కటే. మొగ్గల్ని తడిమి తడిమి తుంచుకుని వెనక్కి పోయింది. నేను గోడకి అతుక్కుపోయాను. అవ్వ మాత్రం కళ్లు మూసుకుని నవ్వుతోంది.

ఎలాగో ధైర్యం కూడగట్టుకుని బయటికి పరిగెత్తాను. కిటికీ కింద గొంతుక్కూర్చుని మా బాబాయి!

"బాబాయ్! తీగ పీకెయ్యక ఈ దొంగతనం ఏమిటి?"

"ష్! పీకేస్తే అవ్వ దగ్గరికి ఆయన రాడుగా. పువ్వు విచ్చి గింజ కడితే దీవి దక్కదు. అందుకని ఆయన డ్యూటీ నేనే చేస్తున్నా. ఎవరికీ చెప్పకు, తీగని వదిలేశానని తెలిస్తే నా డ్యూటీ ఊడుతుంది."

నవ్వొచ్చింది, బాబాయి మీద ప్రేమా పొంగింది.

ఇంతలో కిటికీ గట్టు మీదికి పొగలు కక్కే టీ గ్లాసు వచ్చి కూర్చుంది.

బాబాయి బిక్కమొహం వేశాడు. "దయ్యాలు టీ తాగుతాయంటావా?"

"ఏమో. తాగకపోతే అవ్వ బాధపడుతుంది."

గడగడా తాగేశాడు.

"పంచదార సరిపోయిందా అబ్బాయ్?" లోపల్నుంచి అవ్వ అడిగింది.

మొగుణ్ణి ఎవరైనా అబ్బాయ్ అంటారా? బాబాయికి అది తట్టనే లేదు. గొంతు బొంగురు చేసి, "ఇంకొంచెం," అన్నాడు.