చుక్క పెట్టిన చెయ్యి

ఆమె పన్నెండు అని రాసింది. కిలో రంగు పొడిలో పన్నెండు మిల్లీగ్రాముల సీసం. రెండు దాటితే ఆ పొడిని తిండిలో కలపకూడదు. మర్నాటికి ఆమె రాసిన ఒకటికీ రెండుకీ నడుమ ఒక చుక్క పడింది. పన్నెండు కాస్తా ఒకటి పాయింట్ రెండయింది, సరుకు గేటు దాటింది.

చుక్క పెట్టింది రంగుల ఫ్యాక్టరీ మేనేజరు. కొన్న మిఠాయిలవాళ్లు పొడిని వేరేచోట పరీక్ష చేయించి తిప్పి పంపినప్పుడు, రాత ఆవిడదే కదా అని యజమాని ముందు చేతులు దులుపుకున్నదీ అతనే. పదకొండేళ్లు ఆ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసిన మనిషి, ఉద్యోగం పోయి సాయంత్రానికి తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు ఏ ల్యాబూ ఆమెను గడప తొక్కనివ్వలేదు. వెనకాల చుక్కమ్మ అని నవ్వుకునేవారు. పోనీలే, మరిచిపోవే అని అత్తగారు పోరుపెట్టేది. ఆమె అన్నంలో పగ కలుపుకునే తినేది.

చివరికి ఒక బిస్కెట్ల కంపెనీ ఆమెను తీసుకుంది. అక్కడికొచ్చే ముడిసరుకు ఆమె సంతకం పడితేనే లోపలికి వెళ్తుంది. తన పాత ఫ్యాక్టరీ ఈ కంపెనీకే రంగు అమ్ముతుందని తెలిసే చేరింది.

పాత ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి లోడులోంచి కాస్త పొడి తీసి, ఆమ్లంలో కరిగించి యంత్రానికి పెడితే 2.8 వచ్చింది. తిప్పి పంపింది. రెండోది 3.1. అదీ వెనక్కే. ఆమెకన్నా ముందున్నాయన ఇంత చిన్న తేడాలను చూసీ చూడనట్టు వదిలేసేవాడట. మూడో లోడుకు 1.8 వచ్చింది. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. రెండు దాటాలి, దాటాలి అని లోపల కోరుకుంటూ మరో రెండుసార్లు చేసింది. దాటలేదు. పళ్లు నూరుకుంటూనే సంతకం పెట్టింది.

నాలుగో లోడుకు 4.6 వచ్చేసరికి మేనేజరే దిగివచ్చాడు. కుర్చీ చూపించకపోయినా కూర్చున్నాడు.

"పాత సంగతులు మనసులో పెట్టుకుని చేస్తున్నారు మేడమ్."

"పెట్టుకునే చేస్తున్నాను సార్. కాని ఆ అంకె నా మనసులోది కాదు, మీ పొడిలోది."

 అతను బయట పరీక్ష చేయించుకుంటానన్నాడు. అలాగే చేయించుకోమని, పరీక్షకు తీసిన పొడిలో మిగిలిన సగానికి అతని ముందే సీలు వేసి, కోరిన ల్యాబుకు ఉత్తరం కూడా తనే రాసిచ్చింది. వారానికి జవాబొచ్చింది. 4.7.

బిస్కెట్ల కంపెనీ ఆ ఫ్యాక్టరీతో కొనుగోలు ఆపేసింది. రంగుల ఫ్యాక్టరీ యజమాని పాత రిజిస్టర్లన్నీ తిరగేయించి, ఆ చుక్క ఎవరిదో తేల్చుకుని, మేనేజర్ని పనిలోంచి పంపించేశాడు. ఆ కబురు విన్నప్పుడు ఆమెకు జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ పడలేదు.

యజమాని దగ్గర్నుంచి క్షమాపణ ఉత్తరం వచ్చింది. దాన్ని అత్తగారికి చదివి వినిపించింది, నచ్చిన వాక్యం రెండుసార్లు.

"నిన్ను మళ్లీ రమ్మంటున్నారా?" అంది అత్తగారు.

"రమ్మన్నారు."

"ఏమని రాస్తావ్?"

"వాళ్లు మళ్లీ సరుకు పంపితే, ఇక్కడినుంచే చూస్తానని."