మూడు రాళ్ల గల్లిలో నా ఏడుపు

ఎవరిదో గడప పట్టుకుని మా తాత కోసం వెక్కి వెక్కి ఏడ్చిన ఘనుణ్ణి నేను. ఏడుపుతో ఆగినా పరువు కొంత మిగిలేది. అంతకు కాస్త ముందు ఇంకో ఘనకార్యం చేశాను. దాన్ని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు కాబట్టి చివరికి దాచుకుంటాను, మీరు కోప్పడకండి.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. నాకు ఇరవై ఆరేళ్లు, చేతిలో డిగ్రీ, కనుక నాకు తెలియనిది లేదు. మా నాన్న తల్లికి, అంటే మా అవ్వకి, ఒక్కటే కోరిక. తాత గోదావరి అవతల బొగ్గుబాయిలో కప్పు కూలి చనిపోయాడు. నాలుగేళ్ల మా నాన్నను చంకనేసుకుని ఆమె మంచిర్యాలలోని పుట్టింటికి వచ్చేసింది. మళ్లీ గోదావరి దాటలేదు.

"పెత్రమాసకు అందరు పెద్దలకు బియ్యమిస్తరు. ఒక్కసారన్న ఆయన తిరిగిన కాడ ఆయనకింత బువ్వ పెట్టాలె కొడుకా. వచ్చే యేడు నేనుంటనో లేదో."

"గల్లి పేరు చెప్పవ్వా. మిగతా ఫికర్ నాకిడిశిపెట్టు."

"మూడు రాళ్ల గల్లి. ఎడమకు నాలుగో ఇల్లు."

రెండు నెలలు తిరిగాను. గుడిసెలున్న చోట క్వార్టర్లు, క్వార్టర్లున్న చోట మట్టిగుట్టలు. ముసలివాళ్లను అడిగితే తలా ఒక దిక్కు చూపించారు. చివరికి కమాన్‌పూర్ దారిలో ఒక చాయ్ హోటలాయన, "మూడు రాళ్ల గల్లా? గీ ముందటి కాలనీలనే ఉన్నది గదా!" అన్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే బోర్డు ఉంది. దాని కింద మూడు రాళ్లూ ఉన్నాయి. ఎవరినీ ఇంకో ముక్క అడగకుండా, గెలిచిన సర్పంచిలా ఇంటికొచ్చాను.

పెత్రమాస అమావాస్య నాడు ముసురు. బస్సెక్కించి, ఆటో ఎక్కించి అవ్వను తీసుకెళ్లాను. గల్లి మొదట్లో దిగుతూనే పేడలో కాలేశాను. చెప్పు తుడుచుకుని, సరిగా కళ్లు కనిపించని ఆమెను అక్కడే నిలబెట్టి, ముందు నేను పరుగెత్తాను. నాలుగో ఇంటి గడప చూడగానే "తాతా!" అంటూ కూలబడ్డాను.

చేటలో బియ్యంతో ఒకామె బయటికొచ్చింది.

"ఎవలు తమ్మీ నువ్వు? మా గడపల ఏడుస్తున్నవేంది?"

"మా తాత ఇల్లక్కా! ఈ గోడలు ఆయన కట్టినయి!"

"ఏ గోడలు? మేం కట్టి ఐదేండ్లు గాలే. ఇంకా సున్నమే ఎయ్యలే."

నా ఏడుపు మధ్యలోనే తెగిపోయింది.

"మా గల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు తవ్వకంల పోయింది తమ్మీ. ఈడ జాగలిస్తే, ఇరుగు పొరుగు మారద్దని గదే వరుసల కట్టుకున్నం. పేరు తెచ్చుకున్నం. రాళ్లు గూడ లారీల ఏసి తెచ్చుకున్నం. మీ తాత ఇల్లు గాడుండె."

ఇళ్ల వెనక గుట్టలా పోసిన మట్టి వైపు చూపించింది. దాని అవతల ఉన్నది గొయ్యి. ఇల్లు కాదు, ఇల్లున్న నేల కూడా మిగల్లేదు.

"నీ కాళ్లు మొక్కుతనక్కా, మా అవ్వకు చెప్పకు. ఇదే ఇల్లని చెప్త."

తిరిగి చూస్తే అవ్వ గల్లి మొదట్లోనే, నడిమి రాయి పక్కన చతికిలబడి ఉంది. రాయికున్న బొక్కలో వేళ్లు పెట్టి తడుముతోంది.

"ఇల్లు గటుందవ్వా..."

"అబద్ధమాడకు. దిగంగనే నా కాళ్లకు తెలిసింది. మన గల్లి ఏటవాలు, ఇది చదును."

"మరి చెప్పవేంది?"

"మంచిగ ఏడుస్తుంటివి. ఆపబుద్ధి గాలే."

తర్వాత ఆమె గొంతు తగ్గింది. "బాయిలకు బీడీలు తీస్కపోనియ్యరు. డ్యూటీకి పోంగ మీ తాత బీడీ కట్ట, అగ్గిపెట్టె గీ బొక్కల పెట్టి పోతుండె. బాయిల నుంచి పైకెక్కి రాంగనే ఈడ నిలబడి తాగుతుండె. ఆఖరి దినం గూడ పెట్టిపోయిండు. నేనే తీసిన."

విస్తరి పరిచి, బువ్వ పెట్టి, కొంగు ముడి విప్పి కొత్త బీడీ కట్ట ఆ బొక్కలో పెట్టింది. నలభై ఏళ్లుగా వెతుకుతున్నది దొరికినట్టు రాయిని రెండు చేతులా నిమిరింది. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది. వేళ్లు వాసన చూసుకుంది.

"కొడుకా, గీ రాయికి పేడ పూసినోడెవడు?"

ఎవడో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

చొక్కా విప్పి, వానలో తడిపి, ఆ రాయిని కడిగాను. ఈసారి నోట్లోంచి "తాతా" అని కూడా రాలేదు, ఏడుపు మాత్రం అసలైనదే వచ్చింది. ఇందుమూలంగా, గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ బొగ్గు నేలలో ఏ రాయి ఎవరి మొగుడి కోసం ఎదురుచూస్తోందో కనుక్కోనిదే, ప్రాణం పోయినా దానికి చెప్పు తుడవను.