మలుపు తిరిగాక మారే కారు

రెండు వేల పదహారు, వానలు మొదలైన నెల. సూరత్‌లో ఖటోదరా పాత మిల్లుల వరసలో ఉన్న ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో నేను సర్వీస్ అడ్వైజర్‌గా చేరి అప్పటికి ఆరేళ్ళు. సర్వీస్ అడ్వైజర్ అంటే మెకానిక్ కాదు. బండి తెచ్చినవాళ్ళ మాట విని, జాబ్ కార్డ్ అనే కాగితం మీద ఎక్కించి, లోపల మెకానిక్‌లకు అందించాలి. వాళ్ళు తేల్చిన సంగతి సాయంత్రం మళ్ళీ యజమానికి అర్థమయ్యేట్టు చెప్పాలి. మాటను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మోసే పని.

నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. పవర్‌లూమ్ చప్పుడులో మా అమ్మ పలక మీద అక్షరాలు దిద్దించింది. ఓపెన్ స్కూల్ పరీక్షలకు ఇంట్లో కూర్చునే చదువుకున్నాను. ఇంజన్ భాగాల పేర్లు నేర్పింది మా ఫోర్‌మన్ జయేశ్‌భాయ్. ఈ ఇద్దరినీ ఇచ్చినందుకు రోజూ పొద్దున కంప్యూటర్ తెరవకముందే మా తెలుగు పద్మశాలీల దేవుడు మార్కండేయ స్వామికి దండం పెట్టుకుంటాను. నా టేబుల్ అద్దం కింద ఆయన పటం ఉంటుంది.

ఆ నెలలో కారు తెచ్చిన సుజాత, ఆ పటం చూసే హిందీ ఆపి తెలుగులోకి వచ్చింది.

"మీరు మనోళ్ళేనా చెల్లె?"

ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. పుట్టింది పాండేసరలో, రంగుల మిల్లుల పక్క గల్లీలో. పెళ్ళయ్యాక అడాజన్‌లో ఒక అపార్ట్‌మెంట్ సొసైటీలో ఫ్లాటు. భర్త రమేశ్‌కు నూలు వ్యాపారం. కారు డీజిల్‌ది, కొని రెండేళ్ళు. ఎక్కువ నడిపేది ఆమే, నాలుగేళ్ళ కూతుర్ని బడికి దింపడానికి.

"కంప్లైంట్ ఏంది అక్కా?"

"ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. ఇంజన్ చాలు చేసినప్పుడు ఏముండది. పార్కింగ్ల నుంచి సీదా తెస్త, అప్పుడు గూడ ఏముండది. సొసైటీ గేటు కాడ ఎడమకు తిప్పుత సూడు, అక్కడ మారుతది."

"ఏం మారుతది?"

"వాసన. బ్లీచింగ్ టాంకు మూత తీసినట్టు. గొంతుల గీరుతది, పాప దగ్గుతది. బండి బందు చేసి మళ్ల చాలు చేస్తే పోతది. మళ్ల ఒక మలుపు తిరిగేదాక."

జాబ్ కార్డ్‌లో ఇదంతా రాయడానికి చోటు ఉండదు. 'ఎగ్జాస్ట్ స్మెల్' అని రాశాను. మలుపు సంగతి రాయలేదు.

జయేశ్‌భాయ్ స్కానర్ పెట్టి చూశాడు, ఒక్క ఎర్రర్ కూడా లేదు. పీయూసీ, అంటే పొగ పరీక్ష చేశాడు, శుభ్రంగా పాసయింది. బయట ఒక రౌండు తిప్పుకొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా డీజిల్ పీల్చిన ముక్కు ఆయనది, అగరుబత్తి వెలిగించినా డీజిలే అంటాడు. ఎన్.టి.ఎఫ్ అని రాసి నాకిచ్చాడు. నో ట్రబుల్ ఫౌండ్, ఏ లోపమూ దొరకలేదు అని. నేను సంతకం పెట్టి ఇచ్చేశాను.

నెల తర్వాత భర్తతో వచ్చింది. మళ్ళీ స్కానర్, మళ్ళీ పీయూసీ, మళ్ళీ ఏమీ లేదు.

రమేశ్ నవ్వాడు. "మేడం, మా ఆమె పాండేసరల పుట్టింది. మల్లెపూలు తెచ్చిచ్చినా మిల్లు వాసనొస్తున్నదంటది."

జయేశ్‌భాయ్ నవ్వాడు. నేనూ నవ్వాను. సుజాత మాత్రం కారునే చూస్తోంది. అది ఇంజన్ ఆన్‌లోనే, సైలెన్సర్‌లో పీయూసీ గొట్టంతో, బుద్ధిగా నిలబడి ఉంది.

"మీరు చూస్తున్నంత సేపు గిట్లనే ఉంటది," అంది మెల్లగా. "చూస్తలేరని తెలిసినంక మొదలువెడ్తది."

పట్టపగలు, చుట్టూ పదిమంది పనివాళ్ళు, అయినా నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆమెను ఓదార్చాలనిపించింది. ఇంట్లో అయితే ఏం చేస్తామో అదే నోటికొచ్చింది.

"మంగళవారం బండికి దిష్టి తియ్యి అక్కా. నిమ్మకాయలు తొక్కించు. ఎవరి కన్నో పడ్డట్టున్నది."

మంచి మాటే చెప్పాననుకున్నాను. సర్వీస్ సెంటర్ టేబుల్ వెనక కూర్చున్న మనిషి నోట ఆ మాట వస్తే దానికి ఎంత బలం ఉంటుందో అప్పటికి నాకు తెలియదు.

మూడోసారి బండి తెచ్చినప్పుడు కూడా మా పరీక్ష మారలేదు, రాసిన మూడక్షరాలూ మారలేదు. నాలుగోసారి ఆమె బండి లేకుండా, బీఆర్‌టీఎస్ బస్సులో వచ్చింది. చీర అంచు తడిసి ఉంది. కళ్ళ కింద నలుపు.

"బండెక్కుతలేను చెల్లె. పాపను గూడ ఎక్కనిస్తలేను. ఇంట్ల రోజూ లొల్లి."

"ఏమైంది?"

"నువ్వు దిష్టి తియ్యమన్నవని మా అత్తమ్మకు చెప్పిన. తీసినం, నిమ్మకాయలు తొక్కిచ్చినం. వాసన పోలే. అత్తమ్మ ఏమన్నది తెల్సా? షోరూమోళ్ళకు గూడ అనుమానం వచ్చింది, అందుకే దిష్టన్నరు. బండిల ఏం లేదని మిషను మూడుసార్లు చెప్పింది. బండిల లేకపోతే ఇంక ఉన్నది నీలనేనే అన్నది."

వచ్చే ఆదివారం భువా దగ్గరికి తీసుకుపోతారట. ఇక్కడ దయ్యాలు వదిలించేవాణ్ణి భువా అంటారు. ఆయన ముందే చెప్పేశాడట, నయమయ్యేదాకా పాపను తల్లి దగ్గర పడుకోబెట్టొద్దని, మేనత్త ఇంటికి పంపెయ్యాలని. పాప బట్టలు సర్దడం కూడా అయిపోయిందట.

"నాకు ఒక్క కాగితం రాసియ్యి. వాసన బండిలనే ఉన్నదని. గంతే, ఇంకేమొద్దు."

నేను ఫైలు తీశాను. మూడు జాబ్ కార్డులు, మూడింటి మీదా నా సంతకం.

"ఎట్ల రాయాలె అక్కా? నాకు కనవడలేదు కదా."

ఆమె నా మీద కోపం చేసుకున్నా బాగుండేది. "గంతే లే," అని లేచి, తడిసిన చెప్పులు తొడుక్కుని పోయింది.

మూడు రోజులకు పై ఆఫీసు నుంచి రీకాల్ ఉత్తరం వచ్చింది. రీకాల్ అంటే తయారుచేసిన కంపెనీయే తన తప్పు ఒప్పుకుని అమ్మిన బండ్లను వెనక్కి పిలవడం. డీజిల్ బండ్ల ఈసీయూలో, అంటే ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చాలి. డబ్బు తీసుకోకూడదు. కింద ఛాసిస్ నంబర్ల జాబితా. సుజాత బండి నంబరు రెండో పేజీలో ఉంది.

పని చూపించడానికి పూణే నుంచి కంపెనీ ఇంజనీర్ ఒకాయన వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. టీ ఇస్తూ, మనసు ఉగ్గబట్టుకోలేక అడిగాను. "సార్, ఒకామె నాలుగు నెలలుగా అంటోంది. బండి సీదా పోతే ఏమీ లేదట, మలుపు తిరగ్గానే వాసన మారుతుందట."

ఆయన కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏ మలుపు?"

చెప్పాను. ఆయన హిందీలో, గొంతు తగ్గించి వివరించాడు. పరీక్ష చేసే చోట చక్రాలు తిరుగుతాయి కాని స్టీరింగ్ కదలదు. ఈ సాఫ్ట్‌వేర్ దాన్నే కనిపెట్టుకుని ఉంటుంది. స్టీరింగ్ కదలకపోతే నన్ను పరీక్షిస్తున్నారు అనుకుని పద్ధతిగా ఉంటుంది. స్టీరింగ్ తిరిగితే పరీక్ష లేదు, రోడ్డు మీద ఉన్నాను అనుకుని వదిలేస్తుంది. వదిలేది రంగులేని గ్యాసు, గొంతూ కళ్ళూ మండించేది. మా పీయూసీ కొలిచేది నల్ల పొగను. దీన్ని అది చూడనే చూడదు.

"ఎవరామె? ఇంజనీరా?"

"కాదు సార్. పాపను బడికి దింపే అమ్మ."

రమేశ్‌కు ఫోన్ చేస్తే ఆయన ముందు ఒప్పుకోలేదు. "సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పికప్ పోతదంట కదా మేడం. మైలేజీ గూడ పోతదంటున్నరు. మా బండి మంచిగున్నదని మీరే రాసిచ్చిన్రు, మూడుసార్లు!"

"అవునన్నా, నేనే రాసిన. తప్పు రాసిన. శనివారం బండి తీస్కరా. వదినను, అమ్మను గూడ తీస్కరా."

"అమ్మెందుకు?"

"ఆమెకే చూపియ్యాలె."

శనివారం పదకొండు గంటలకు వచ్చారు. అత్త రాజవ్వ కొంగు నడుముకు బిగించి దిగింది. "దిష్టి తియ్యమన్నది నువ్వేనా బిడ్డా?" అంది నన్ను పైనుంచి కిందికి చూస్తూ.

"నేనే పెద్దమ్మా. చెప్పొద్దుండె."

బండిని లిఫ్ట్ మీద ఒక అడుగు ఎత్తు లేపారు. ముందు చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి. ఇంజనీర్ తనతో తెచ్చిన గ్యాస్ కొలిచే మిషన్ గొట్టం సైలెన్సర్‌లో పెట్టి, దాని తెర మావైపు తిప్పి, సీట్లో కూర్చుని గేరు వేశాడు. చక్రాలు తిరిగాయి. తెర మీద చిన్న అంకె. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అది కదల్లేదు.

"ఏమున్నది ఇండ్ల?" అంది రాజవ్వ.

ఇంజనీర్ నావైపు ఒకసారి చూసి, స్టీరింగ్ ఎడమకు తిప్పాడు. గేటు దగ్గర తిప్పేంత, అంతే.

ఇంజన్ చప్పుడు మారింది. ఎంత మారిందంటే, బిగబట్టిన ఊపిరి ఎవరో వదిలినంత. అంకె పెరగడం మొదలై ఆగలేదు. వర్క్‌షాపులో అందరూ పని ఆపి చూస్తున్నారు. జయేశ్‌భాయ్ చేతిలో స్పానర్ అట్లాగే ఉంది. సుజాత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అప్పుడు నాకూ అందింది ఆ వాసన. సన్నగా, బ్లీచింగ్‌లాగే.

ఇంజనీర్ ఇంజన్ ఆపి, మళ్ళీ స్టార్ట్ చేశాడు. అంకె పడిపోయింది. వాసన లేదు. బండి మళ్ళీ అమాయకంగా నిలబడింది.

రాజవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది. "అంటే... మనం జూస్తున్నమని దానికి ఎర్కయితదా?"

ఆమె మాట నేను హిందీలో చెప్పాను. ఇంజనీర్ కిందికి చూస్తూ, "హా మాజీ," అని ఒప్పుకున్నాడు.

రాజవ్వ కోడలి వైపు తిరిగింది. "ఎన్ని దినాల సంది చెప్తున్నవే?"

"నాలుగు నెలలు అత్తమ్మా."

"మరి జర గట్టిగ జెప్పొద్దా!"

సుజాతకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రమేశ్ ఫోన్ చేతిలో తిప్పుతూ పక్కకు పోయి, కాసేపటికి వచ్చి, "ఆదివారం ఎక్కడికీ పోయేది లేదు. పాప ఇంట్లనే ఉంటది," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

నేను కూడా సుజాత చేయి పట్టుకుని తప్పయిందన్నాను. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. ఆ నిమిషంలో దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞత ఇప్పటికీ గుర్తే. పాప బట్టల సంచి గడప దాటకముందే ఉత్తరం మా దాకా వచ్చింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి గంట పట్టింది. లాప్‌టాప్ వైరు పెడితే బండి పాత సంగతి మరిచి కొత్తది నేర్చుకునేటప్పుడు డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వాటంతటవే వెలిగి ఆరుతాయి, ఫ్యాను హోరుమంటుంది. మాకిది మామూలే. రాజవ్వ మాత్రం అంతసేపూ దాని ముందు చేతులు జోడించుకునే నిలబడింది. భక్తా, భయమా అని నేను అడగలేదు.

దీపావళి ముందు సుజాత మామూలు సర్వీస్‌కు వచ్చింది. పాప దగ్గు తగ్గిందంది. అత్తమ్మ రోజూ పాపకంటే ముందు తానెక్కి కూర్చుంటుందట. గేటు దగ్గర "తిప్పు" అంటుందట, తిప్పాక "ఉన్నదానే?" అని అడుగుతుందట.

"నేను లేదంటే నమ్ముతది చెల్లె. ఇప్పుడు నాకే నమ్మబుద్దయితలేదు. అది బాగై ఊకున్నదా, మనం చూస్తున్నమని ఊకున్నదా?"

సాఫ్ట్‌వేర్ ఎక్కించినంక రిపోర్టు మంచిగా వచ్చిందక్కా అనే మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను. ఆమెకు నేను మూడుసార్లు ఇచ్చింది రిపోర్టే.

ఈ పనిలో నేను నేర్చుకున్నది అదే. మిషన్ తనను అడిగినదానికే జవాబిస్తుంది. ఏం అడగాలో తెలిసింది బండి నడిపే మనిషికి. ఆ మనిషి "అక్కడ" అంటే, ఆ అక్కడికి పోయి చూడకుండా లేదు అని రాసే హక్కు నాకు లేదు. దిష్టి ఇప్పటికీ తీస్తాను, మా ఇంట్లో. టేబుల్ వెనక కూర్చున్నప్పుడు మాత్రం అటువంటి మాట నోరు దాటనివ్వను.

"పద అక్కా, మీ గేటు దాక పోదాం," అని లేచాను.

కిటికీలన్నీ దించాం. తాపీ నది వంతెన దాటి అడాజన్ చేరాం. ఆమె బండిని సొసైటీలోకి తీసుకుపోయి, తన పార్కింగ్ చోట ఆపి, ఇంజన్ బందు చేసి, మళ్ళీ చాలు చేసింది. సీదాగా గేటు దాకా తెచ్చింది. ఎడమకు తిప్పింది. నాకు వాసనేమీ అందలేదు. నోరు తెరవకుండా ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను, ఆమె చెప్పేదాకా.