సాల్మీ ఎడారిలో ముత్తన్న ట్యాంకర్

కువైట్ పట్నంలో షువైఖ్ గ్యారేజీల దగ్గర, నీళ్ల ట్యాంకర్లు నిలిపే చోట ముత్తన్నను ఎరగనివాళ్లు తక్కువ. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి, మొదట ఒక మెకానిక్‌కు స్పానర్లు అందించి, తరవాత స్టీరింగ్ పట్టాడు. ఎడారిలో మేకల మందలు కాసేవాళ్లకు నీళ్లు చేరవేయడం ఆయన పని.

కువైట్‌లో చలేమిటని అడిగేవాళ్లు సాల్మీ వైపు జనవరి పొద్దు చూడనివాళ్లు. ఇసుక మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. అందుకే చలి మొదలవగానే ముత్తన్న బండికి పల్చటి ఆయిల్ పోయిస్తాడు. రాత్రి ఎక్కడ ఆగినా డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలేసి, బ్యాటరీ తీగలు బిగించి, ఈదురుగాలి ఇంజన్‌కు తగలకుండా బండిని తిప్పి నిలుపుతాడు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా అని తోటి డ్రైవర్లు ఆటపట్టించేవారు. ఆయన నవ్వేవాడు గాని ఒక్కటీ మానేవాడు కాదు.

మొన్నటి చలికాలంలో ఒక సాయంత్రం సాల్మీలో నీళ్లు దించేసరికి పొగమంచు కమ్మింది. దారి కనబడక మందల దగ్గరే ఆగి క్యాబిన్‌లో పడుకున్నాడు. తెల్లవారుతుండగా, పొగమంచు విడుతున్న వేళ, అక్కడ మేకలు కాసే జిలానీ బాషా వచ్చి తలుపు బాదాడు. బాషాది రాయచోటి. పక్క గుడారంలో ఉండే నాగన్నదీ అటువైపే. చలికి తాళలేక నాగన్న లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని, సందులన్నీ మూసి పడుకున్నాడట. ఎంత పిలిచినా పలకడం లేదు.

బొగ్గుల విషవాయువు పట్టిందని తెలిసి, ఇద్దరూ అతన్ని బయటి గాలిలోకి మోసుకొచ్చారు. ఊపిరి ఆడుతోంది, స్పృహ లేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, గుర్తులు లేని ఎడారిలో వెతకడం కష్టం, పెద్ద రోడ్డు దాకా తెమ్మన్నారు. మందల యజమాని కఫీల్ జీపు పట్నంలో ఉంది. ఉన్నది ట్యాంకర్ ఒక్కటే.

నాగన్నను క్యాబిన్‌లోకి ఎక్కించాక ముత్తన్న తాళం తిప్పి ఆగాడు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని వేడిచేసే హీటర్ లైటు ఆరాలి. ఆ ఆగడం బాషాకు భరించరానిదైంది.

"ఏం చూస్తాండావన్నా? జనరేటరు పెట్రోలుంది, గాలి గొట్టంలో రోంత పోద్దాం."

"హీటర్ వేడి మీద పెట్రోలు వడితె ఇంజన్ పేలుతది భాయ్. గప్పుడు నాగన్నను ఎట్ల తీస్కపోతం? జర ఓపిక పట్టు."

లైటు ఆరింది. ఇంజన్ ఒకసారి మూలిగి ఆగిపోయింది. అదేపనిగా తిప్పితే బ్యాటరీ పూర్తిగా పడిపోతుంది. ముత్తన్న తాళం వదిలేసి, బ్యాటరీ తేరుకునేదాకా కాచుకున్నాడు. మళ్లీ తిప్పాడు. తెల్లటి పొగ చిమ్మి ఇంజన్ అందుకుంది. వెంటనే యాక్సిలరేటర్ తొక్కాలనిపించింది. అయినా ఆయిల్ మీటరు ముల్లు లేచేదాకా ఆగి, మెల్లగా కదిలించాడు. బాషా కిటికీ దించి, నాగన్న తల ఒడిలో పెట్టుకుని దారంతా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

పెద్ద రోడ్డు మీద అంబులెన్సు వాళ్లు ఆక్సిజన్ పెట్టి తీసుకుపోయారు. మర్నాడు నాగన్న కళ్లు తెరిచాడు.

కోలుకున్నాక షువైఖ్ వచ్చి ముత్తన్న చేతులు పట్టుకున్నాడు. ముత్తన్న అతన్ని కూర్చోబెట్టి టీ తాగించాడు.

"ఇగ కుంపటి లోపల పెట్టకు తమ్మీ. చలైతె రగ్గులు నేను తెస్త" అన్నాడు.

అన్నట్టే తరవాతి ట్రిప్పులో తెచ్చాడు, నాగన్న ఒక్కడికే కాదు, అక్కడి గుడారాలన్నిటికీ. ఒకప్పుడు ఆటపట్టించిన డ్రైవర్లే తలా ఒకటి ఇచ్చారు.