సిగ్నల్ దగ్గరి గాలి

చందాపుర సిగ్నల్ దగ్గర మా వ్యాను ఆగితే, కప్పు మీది చిన్న ఫ్యాను రొద లోపలికి వినిపిస్తుంది. బండి కదులుతున్నంతసేపూ ఆ చప్పుడు ఎవరికీ తెలియదు. ఈ పొద్దున అది చెవిన పడగానే రాజమ్మ గారు గుర్తొచ్చారు. వ్యాను మీద బిగిస్తే ఊరంతా తిరుగుతూ గాలి వేడిని కొలిచే పరికరాలు చేసే కంపెనీ మాది, బెంగళూరు పక్కన జిగణిలో. అక్కడ పరీక్షలన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి. ఆమెది తాతల నాడే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. కొంగు దోపుకుని, పానా పట్టుకుని వ్యాను మీదికి ఎక్కేసేవారు. కింద నిచ్చెన పట్టుకోవడం నా పని.

నేను చేరిన కొత్తలో, ఇంకా ఉద్యోగం ఖాయం కాకముందు, ఆ పరికరానికి ఒక తిక్క ఉండేది. బండి ఆగితే చాలు, మా ఇంజను వేడే పైకెగసి థర్మామీటరుకు తగిలి అంకె పెరిగిపోయేది. కొనేవాళ్ళు చూడటానికి వచ్చే రోజు దగ్గరపడింది. నేను అతితెలివితో, బండి ఆగినప్పటి కొలతలన్నీ ప్రోగ్రాములోనే తీసేశాను. గ్రాఫులో గీత ఎంత నున్నగా వచ్చిందో! ఆమె దాన్ని చూసి, వైట్‌ఫీల్డ్ దాకా ఒక్క సిగ్నలూ పడలేదా అని మాత్రం అడిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అరగంట వివరణ ఇచ్చాను.

"బండి నిలబడితే గాలి ఉండదా అప్పా?" అన్నారు చివరికి. "సిగ్నల్ కాడ పొద్దంతా నిలబడి పూలమ్మేవాళ్ళు ఉండారు. నీ గీతలో వాళ్ళు యాడుండారు?"

మర్నాడు వచ్చినవాళ్ళకి ఆమె ఆ గీత చూపించలేదు. పరికరం ఇంకా సిద్ధం కాలేదని, ఆగినప్పుడు తప్పు చూపుతోందని, తాను ముందే కనిపెట్టాల్సిందని చెప్పారు. నా ఊసే ఎత్తలేదు. వాళ్ళు ఆర్డరు ఇవ్వకుండానే వెళ్ళిపోయారు. నా పని అయిపోయిందనుకుని బల్ల సర్దుకుంటుంటే, ఆమె వచ్చి పానా నా చేతిలో పెట్టారు. ఆ రోజు నిచ్చెన ఆమె పట్టుకున్నారు. థర్మామీటరును ఇంజనుకు దూరంగా, ముందుకు చాచిన కడ్డీ చివర బిగించాం. బండి ఆగినా బయటి గాలిని లాగడానికి ఫ్యాను పెట్టాం. నెలల తరబడి సిగ్నల్ సిగ్నల్‌కీ సరిచూసుకున్నాకే వాళ్ళను మళ్ళీ పిలిచాం. ఈసారి కొన్నారు.

ఆమె రిటైరైన రోజు, అప్పుడు నా పేరెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పింటే, భయానికి ఇంకా బాగా దాచేది నేర్చుకునుంటావప్పా."

ఇన్నేళ్ళలో చాలా పనులు నేర్చుకున్నాను. పరికరం మొండికేస్తే ఇప్పటికీ భయం వేస్తుంది. ఆమె పుణ్యమా అని, దాచడం మాత్రం చేతకాదు.