బండ వెనక హనోకు మామ

మా మేనమామ హనోకు తారానగర్ దగ్గర ఒక ఇనుప గనిలో కాపలాదారు. అక్కడ రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు రాతికి మందు పెట్టి పేలుస్తారు. అంతకు పావుగంట ముందు ఎర్రజెండా పట్టుకుని, విజిల్ ఊదుకుంటూ తిరిగి, కొండమీద మనుషులెవరూ లేకుండా చూడడం ఆయన ఉద్యోగం. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ మామ మాట ఎవరు విన్నారు కనక?

ఇనుమున్న ఎర్రమట్టి ఓడలెక్కి చైనాకు పోతున్న రోజులవి. నేనూ అదే గనిలో టిప్పర్ నడిపేవాణ్ణి. రాళ్లు ఏరే ఆడవాళ్లు ఇంకొక్క తట్ట నింపుకుందామని కదిలేవాళ్లు కాదు. మామ పొట్టివాడు, బక్కవాడు. ఆయన విజిల్ ఊదితే, "బస్సు బయల్దేరిందా హనోకప్పా?" అని ఆటపట్టించేవాళ్లు. ఒకరోజు అలా నవ్వుతూ ఉండిపోయిన, నా తోటి డ్రైవరు హంపయ్య భార్య మీద రాయి వచ్చి పడింది. మనిషి అక్కడికక్కడే పోయింది. మామను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, ఆయనే తనను తాను తిట్టుకున్నాడు. కొండమీద ఇంకొక ప్రాణం పోతే తాను బతకలేనని మా అమ్మ దగ్గర ఏడ్చాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం, మిషన్ గుడిలో ఆరాధన ముగించుకుని నేనూ మామా ఇంటికి వస్తున్నాం. నీళ్ల ట్యాంకు వెనకనుంచి ఒక అరుపు వినిపించింది. మనిషిదో, పశువుదో చెప్పలేం. అరిచింది ఒక్కసారే. ఆ వెంటనే వీధంతా చప్పుడు లేకుండా పోయింది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు అలాగే నిలబడిపోయారు. అంత ఎండలోనూ నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. చివరికి ట్యాంకు పక్కనుంచి అట్ట కిరీటం పెట్టుకుని, మొహానికి నలుపూ ఎరుపూ పూసుకున్న పగటివేషగాడు బయటికొచ్చాడు. రాక్షస వేషం. చూస్తే మామకంటే బక్కగా ఉన్నాడు, పైగా ఉబ్బసం. నాకు నవ్వొచ్చింది. మామ మాత్రం నవ్వలేదు.

ఆ మనిషి పేరు దురుగప్ప. మామ ఆయన్ను ఇంటికి పిలిచి టీ ఇచ్చాడు.

"అంత గొంతు యాడనుంచి వస్తాదప్పా నీకు?" అని అడిగాడు.

"గొంతులో ఏముండాదప్పా," అన్నాడు దురుగప్ప ఆయాసపడుతూ. "నన్ను చూసినాక అరిస్తే నవ్వుతారు. కనపడకముందే అరవాల. ఒక్కసారి అరిచి సప్పుడు లేకుండా సుమ్నె ఉండిపోవాల. అట్ల సుమ్నె ఉన్నప్పుడే అవతలోళ్లకి కాళ్లు వణికేది."

మామ ఆ మాట పట్టుకున్నాడు. మర్నాడు కొండమీద ఒక పెద్ద బండ వెనక దాక్కుని అరిచాడు. అరిచి ఊరుకున్నాడు. ఆడవాళ్లు తట్టలు అక్కడే పడేసి దిగిపోయారు. రెండో రోజూ అంతే. అరిచేది ఆయనేనని మేనేజరుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే మళ్లీ నవ్వుతారని మామ భయం. కొన్నాళ్లకు, మందు పేలి తనకు కోతపడే ముందు కొండే అలా అరుస్తుందన్న పుకారు పుట్టింది. ఆ బండకు ఎవరో పసుపు రాశారు. నిమ్మకాయలు, గాజులు పెట్టి పోయేవాళ్లు. తాతల కాలంనుంచి మిషన్ గుడికి పోయే మనిషి, రోజూ ఆ నిమ్మకాయల మధ్య కూర్చుని అరవాల్సి వచ్చింది. పాపమేమో అని బాధపడ్డాడు కానీ మానలేదు. అలా గడిచిన నాలుగేళ్లలో కొండమీద ఒక్కరు కూడా చావలేదు. ఆయన్ను చూస్తే నాకు గర్వంగా ఉండేది.

భయం మాత్రం జయశీల అత్తది. "అరిచొచ్చిన దినం ఆయప్ప ఇంట్లో పలకడు," అని చెప్పింది నాతో. "ఊరికే గోడకల్ల చూస్తా కూసుంటాడు. పిలిస్తే ఎవురినో పిలిచినట్ల చూస్తాడు."

ధూళికి మామ ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఒక వేసవి మధ్యాహ్నం బండ వెనక నిలబడి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదట. మళ్లీ తెరిచాడు. రాలేదు. ఇంక పది నిమిషాల్లో మందు పేలుతుంది. నవ్వితే నవ్వనీ అని జెండా పట్టుకుని బయటికి పరుగెత్తాడు.

అప్పటికే ఆడవాళ్లందరూ కొండ దిగుతున్నారు. ముందున్న పంపమ్మ మామ చెయ్యి పట్టుకుని లాగింది.

"ఈడ నిలబడొద్దప్పా. కొండ అరిచింది, వినలేదా? ఈ పొద్దు శానా దగ్గర్నే అరిచింది. రా."

ఆ సాయంత్రం మామ గుసగుసగా నాకు ఇదంతా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగాడు.

"మరి నువ్వేం చేసినావు మామా?"

"ఏం చేస్తాను రా. ఆయమ్మ చెయ్యి ఇడిపించుకుని, నేనే హనోకుని, అరిచేది నేనే, ఈ పొద్దు ఎవురూ అరవలేదు అని చెప్పాలనుకున్నా. నోరు తెరిచినా."

"చెప్పినావా?"

"అప్పుడు నాక్కూడా వినపడింది రా. మా ఎనకాలే. తిరిగి సూసేదానికి ధైర్యం చాల్లేదు. ఆయమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని నేనూ దిగొచ్చేసినా."