కాకినాడ ఇసుక వేరు, బిదియా ఇసుక వేరు

శుక్రవారం ఉదయం ఏడుంపావుకి రూవీ బస్టాండులో మా ఆయన నాతో అన్న మొదటి మాట, "ఆదివారం మాత్రం ఆఫీసులో ఆ ఉత్తరం ఇచ్చేస్తాను విజయా. ఇంక దాని మీద వాదన లేదు" అని. నాతో ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి వాదన లేదని ఎలా అనుకున్నాడో నాకు తెలియదు. ఫ్లాస్కు మూత బిగించి, ముందు బస్సెక్కమన్నాను.

ఉత్తరమంటే రాజీనామా. నాలుగు నెలల క్రితం ఆయన గుండెకు స్టెంట్ వేశారు. రెండు నెలలకే డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, అంతా బాగుంది, నడవండి, మెట్లెక్కండి, మామూలుగా బతకండి అని చెప్పాడు. ఈయన ఆ మాటల్లో 'స్టెంట్' అన్నది తప్ప ఇంకేదీ చెవికెక్కించుకోలేదు. మేముండేది మూడో అంతస్తులో. మొన్నామధ్య రెండు రోజులు లిఫ్టు పాడైతే ఆ రెండు రోజులూ డ్యూటీకి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. ఎక్కడ కూర్చున్నా కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద, కళ్ళు గడియారం మీద. పెద్ద పెద్ద భవనాలకు ఏసీ గొట్టాలు ఏ దారిన వెళ్ళాలో గీసే మనిషి, తన గుండెకు పోయే గొట్టం గురించి తప్ప వేరే ఆలోచన లేకుండా అయిపోయాడు. యాభై మూడేళ్ళకే ఉద్యోగం మానేసి, కాకినాడ వెళ్ళి, మంచం మీద విశ్రాంతి తీసుకుంటాడట.

నేను ఒక బేరం పెట్టాను. పద్దెనిమిదేళ్ళుగా ఈ గల్ఫు దేశంలో ఉన్నాం, ఎడారిని కారు అద్దంలోంచి తప్ప చూడలేదు. రెండు రోజులు నాతో రండి, ఒక్క ఇసుక దిబ్బ ఎక్కండి, ఆ తర్వాత కూడా మానాలనిపిస్తే ఉత్తరం నేనే తీసుకెళ్ళి ఇస్తాను అన్నాను. రావడానికి ఒప్పుకున్నాడు. ఎక్కడానికి ఒప్పుకోలేదు. చొక్కా జేబులో ఉత్తరం, ప్యాంటు జేబులో నాలుక కింద పెట్టుకునే మాత్రలు పెట్టుకుని బయలుదేరాడు.

సూర్ వెళ్ళే బస్సు ఏడున్నరకి కదిలింది. మనిషికి మూడు రియాళ్ళ లోపే టికెట్టు. ఏసీ బస్సు, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. ఒక్కటే హెచ్చరిక, ఏసీ మరీ ఎక్కువ, శాలువా చేతికందేలా పెట్టుకోండి. ఊరు దాటిన గంటకి నల్లటి గుట్టల మధ్య పడ్డాం. గడ్డిపోచ లేని గుట్టలు, వాటి పాదాల దగ్గర ఉన్నట్టుండి పచ్చగా ఖర్జూరపు తోట, మళ్ళీ గుట్టలు.

నడవకు అవతలి సీట్లో కాళ్ళ దాకా ఉండే తెల్లటి అంగీ, దిష్‌డాషా వేసుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఇక్కడి పెద్దవాళ్ళు చాలామందికి హిందీ వచ్చు. ఎక్కడికని అడిగాడు. ఇసుకలో ఒక రాత్రి ఉండడానికి అని చెప్పాను. ఆయన మమ్మల్ని, మా చక్రాల సూట్‌కేసునీ కాసేపు చూశాడు.

"మా నాన్న ఆ ఇసుకలోంచి పారిపోయి ఊళ్ళోకి వచ్చాడు. మీరు ఎదురు డబ్బిచ్చి వెళ్తున్నారా?" అన్నాడు.

మా ఆయనకు నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వొచ్చింది. నా మీదైతేనేం, నవ్వాడు కదా అనుకున్నాను. పెద్దాయన సంచిలోంచి ఖర్జూరాలు తీసిచ్చాడు. నేను పులిహోర పొట్లం విప్పబోతే మా ఆయన కళ్ళతోనే వద్దన్నాడు. ఇచ్చాను. ఆయన ఒక ముద్ద తిని, మిరపకాయ తీసి పక్కన పెట్టి, నిమ్మకాయ బాగుందన్నాడు. అది చింతపండు. నేను వాదించలేదు, అది గమనించండి.

ఇబ్రా దగ్గర పది నిమిషాలు ఆపారు, కరక్ చాయ్ తాగాం. పదకొండుకి పది నిమిషాలుండగా ఎడారి అంచునున్న బిదియాలో దిగాం. మేము గది తీసుకున్న క్యాంపు వాళ్ళ డ్రైవరు సలీం పెట్రోలు బంకు దగ్గర జీపుతో ఉన్నాడు. ఎడారిలో బతికే బెదూ తెగకు చెందిన పాతికేళ్ళ కుర్రాడు, మాటలు తక్కువ. తారు రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట బండి ఆపి, దిగి, నాలుగు టైర్లలోంచీ బుస్సుమని గాలి తీసెయ్యడం మొదలుపెట్టాడు. దూరప్రయాణమంటే గాలి నిండా కొట్టించుకోవాలి గాని తీసెయ్యడమేమిటని నేను అడిగాను. జవాబు మా ఆయన చెప్పాడు. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుందట, బరువు ఎక్కువ చోట పడుతుందట, ఇసుకలో దిగిపోదట. చెప్పి ఊరుకోలేదు, వంగి సలీం చేతిలోని మీటరు చూసి, ఎంత దాకా తీస్తావు, తిరిగొచ్చేటప్పుడు గాలెక్కడ కొడతావు అని ప్రశ్నలు వేశాడు. అన్నిటికీ రెండు చేతులూ కావలసొచ్చాయి. మణికట్టు కాసేపు ఖాళీగా ఉంది.

జీపులో ఇసుక మీద ఇరవై నిమిషాలు. తాటాకు లాంటి ఖర్జూరపు మట్టలతో కట్టిన గుడిసెలు పదీ పన్నెండు, లోపల మంచం, బాత్రూమ్, ఫ్యాను. రాత్రి భోజనం, పొద్దున్న టిఫిను కలిపి ఇద్దరికీ ముప్పై ఐదు రియాళ్ళు. చుట్టూ నారింజ రంగు దిబ్బలు. చక్రాల సూట్‌కేసు ఇసుకలో ఒక్క అడుగు కదలలేదు. వెళ్ళేవాళ్ళు భుజానికి తగిలించుకునే సంచీ తీసుకెళ్ళండి.

ఆ సూట్‌కేసు వచ్చి ఎత్తుకున్నవాడు మల్లేశ్. ఎనిమిదేళ్ళుగా ఆ క్యాంపులో వంట దగ్గర్నుంచి పైపుల రిపేరు దాకా అన్నీ అతనే. మా మాటలు విని, "తెలుగోళ్ళా? మాది జగిత్యాల దిక్కు అమ్మా" అన్నాడు. అంతకు ముందు మూడేళ్ళు రైసూత్ అనే ఊళ్ళో ఒక కంపెనీలో సిమెంటు బస్తాలు మోశాడట. ఇక్కడ గాలి బాగుంటుందట. మధ్యాహ్నం అందరికీ చేసిన బిర్యానీ పక్కన పెట్టి మాకు పప్పు వండి పెట్టాడు. దాంట్లో కారం చూస్తే అతను ఎనిమిదేళ్ళుగా ఎవరైనా తెలుగువాళ్ళు రాకపోతారా అని దాచుకున్నట్టుంది.

మూడుంపావుకి ఎండ తగ్గింది. గుడిసెల వెనకే పెద్ద దిబ్బ, ఐదారు అంతస్తుల ఎత్తుంటుంది. నేను చున్నీ నడుముకి బిగించాను. మా ఆయన దిబ్బ కింద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, "నువ్వెక్కు, నేను చూస్తాను" అన్నాడు. వేళ్ళు మళ్ళీ మణికట్టు మీదికి వెళ్ళాయి. నాకు ఒళ్ళు మండింది. ఈయన కళ్ళముందు నిటారుగా ఎక్కి చూపించాలని, మా వైపు కోసేసినట్టున్న దిబ్బ ముఖం వైపు నడిచాను. శిఖరానికి అదే దగ్గర దారి.

మల్లేశ్ చాయ్ కప్పులు పట్టుకుపోతూ ఆగాడు. "గటు పోకు అమ్మా, గది మెత్తగుంటది, కాలు దిగుతది. ఎడమ దిక్కుకెల్లి సుట్టు తిరిగి అంచు పట్టుకొని పొండ్రి. గాలి కొట్టే దిక్కు ఇసుక గట్టిగుంటది. జర దూరమే, గని అలుపు రాదు."

నేను కాకినాడలో పుట్టాను. సముద్రం ఇంటికి కూతవేటు దూరం. ఇసుకలోనే నడక నేర్చుకున్నాను. అదే చెప్పాను మల్లేశ్‌కి, ఇసుక గురించి నాకు జగిత్యాల వాళ్ళు చెప్పాలా అని కూడా అన్నాను. అతను నవ్వి, "మీ ఇష్టం అమ్మా" అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కొత్త అతిథులను తీసుకురావడానికి సలీం అప్పటికే జీపేసుకుని పోయాడు.

మా సముద్రం ఇసుకకు తడి ఉంటుంది. అడుగేస్తే పట్టి ఉంచుతుంది. ఈ ఇసుక ఎవరినీ పట్టి ఉంచదు. ఒక అడుగు పైకి వేస్తే ముప్పావు అడుగు కిందికి తెస్తుంది. పావుగంట గడిచేసరికి మూడొంతుల్లో రెండొంతులు ఎక్కాను. మోకాళ్ళ దాకా దిగబడుతూ, నోట్లో ఇసుకతో, చేతులు కూడా వాడుతూ. అక్కడ నా ఎడమ పిక్క పట్టేసింది. పట్టేయడమంటే, రాయి అయిపోయింది. పైకి పోలేను. కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి. మా ఆయన, కుర్చీ, గుడిసెలు, అన్నీ బొమ్మల్లా ఉన్నాయి. బోర్లా పడుకుని రెండు చేతులూ ఇసుకలో గుచ్చి, సిగ్గు విడిచి, "ఏవండీ, మల్లేశ్‌ని పిలవండి" అని అరిచాను.

ఆయన లేచి వంటింటి వైపు పిలిచాడు. లోపల ఏదో గ్రైండరు తిరుగుతోంది, అది నాక్కూడా వినబడుతోంది. మల్లేశ్ రాలేదు. ఆయన దిబ్బ వైపు తిరిగాడు. చెప్పులు విప్పి కుర్చీ కింద పెట్టాడు. ఎడమ దిక్కుకి నడవడం మొదలుపెట్టాడు.

నాలుగు నెలలుగా మెట్లెక్కండి అని గొంతు చించుకున్నది నేనే. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "మీరు రాకండి! మీ గుండె!" అన్న మాట. ఎంత గట్టిగా అరిచానంటే నా కిందున్న ఇసుక జారింది. ఆయన వినబడనట్టే దిబ్బ చుట్టూ తిరిగి నాకు కనబడకుండా పోయాడు.

తర్వాత ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో రాయడం కష్టం. గాలి తప్ప చప్పుడు లేదు. పిక్క నొప్పి మర్చిపోయాను. ఆ వెనక వైపు ఆయన పడిపోతే నాకు కనబడను కూడా కనబడదు. మాత్రలు ప్యాంటు జేబులోనే ఉన్నాయా అని ఒకటే ఆలోచన. ఈ మనిషిని బతిమాలి, వెక్కిరించి, ఇంత దూరం లాక్కొచ్చింది నేనే కదా అని, దేవుడితో బేరం పెట్టాను. ఉత్తరం ఇచ్చేసుకోనీ, కాకినాడ వెళ్ళిపోదాం, మంచం కూడా నేనే వేస్తాను అన్నాను.

అప్పుడు పైన అంచు మీద ఆయన తల కనబడింది, తర్వాత భుజాలు. నాలుగడుగులు వేయడం, ఆగడం, మళ్ళీ నాలుగడుగులు. చేతులు రెండూ పక్కకి చాచి ఉన్నాయి, గోడ మీద నడిచే పిల్లాడిలా. నాకు సరిగ్గా పైకి వచ్చి, కూర్చుని, కూర్చునే మెల్లగా నా దాకా జారాడు. నా పిక్క రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కడం మొదలుపెట్టాడు. ఆయన ఛాతీ ఎగిసి పడుతోంది. కాసేపటికి నెమ్మదించింది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"నొప్పేమైనా ఉందా?" అని అడిగాను.

"ఉంది" అన్నాడు. "తొడల్లో."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఇసుక కూడా. ఆయన నా ముఖం తుడిచి, "కావాలనే ఇరుక్కున్నావు కదూ?" అన్నాడు.

చదివేవాళ్ళకు నిజం చెప్తాను. కాదు. నాకంత తెలివుంటే నాలుగు నెలల ముందే ఇరుక్కుని ఉండేదాన్ని. కానీ ఆయనకు కాదని చెప్పలేదు. నా జీవితంలో వాదించకుండా వదిలేసిన రెండో మాట అది, మొదటిది చింతపండు.

పిక్క వదిలాక అక్కణ్ణుంచి కొస దాకా ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కాను. అయిదున్నరకి సూర్యుడు దిగాడు. దిబ్బల ఒక వైపు ఎర్రగా, రెండో వైపు నీలంగా అయింది. ఆయన గడియారం చూశాడు. సూర్యుడు ఎన్నింటికి మునిగాడో చూశానన్నాడు.

కింద మల్లేశ్ కంగారుగా నిలబడి ఉన్నాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. "కూసొని జారితే అయిపోతుండె గదా అమ్మా. పిలగాండ్లు గదే ఆట ఆడుతరు. దానికి సార్ సుట్టు తిరిగి రావుడెందుకు?"

"అది కాకినాడ వాళ్ళకు తెలియదులే మల్లేశ్" అన్నాడు మా ఆయన. ఆ పూట మూడు చపాతీలు తిన్నాడు.

శనివారం ఎనిమిదింటికి టిఫిను, పదిన్నరకి జీపు. మల్లేశ్ ఒక సీసాలో తను పెట్టిన నిమ్మకాయ పచ్చడి ఇచ్చాడు. తారు రోడ్డు అంచున సలీం టైర్లకు మళ్ళీ గాలి కొడుతుంటే మా ఆయన ప్రతి టైరు దగ్గరా మీటరు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బస్సు పదకొండున్నరకని చెప్పారు, పన్నెండుకి వచ్చింది. నీళ్ళసీసా నిండుగా ఉంచుకోండి, నీడ ఉండేది బంకు దగ్గర మాత్రమే.

ఇబ్రా దాటాక ఆయన జేబులోంచి ఉత్తరం తీశాడు. మడతల్లోంచి ఇసుక నా ఒళ్ళో రాలింది. మొత్తం చదివి, మళ్ళీ మడిచి, "ఈ ఆదివారం ఇవ్వనులే. సెలవుల్లోగా చూద్దాం" అన్నాడు. నాకైతే చింపెయ్యాలని ఉంది. నాలుగడుగులు వేసి ఆగే మనిషిని తోసేస్తే దొర్లుతాడని, కిటికీ వైపు తిరిగాను.

ఎడారిలో చూడడానికేముందని అడిగేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: ఏమీ లేదు. అందుకే పక్కనున్న మనిషి బాగా కనబడతాడు. చలికాలంలో వెళ్ళండి, చెప్పులు కిందే విప్పండి, అంచు పట్టుకుని ఎక్కండి. అక్కడ ఎనిమిదేళ్ళున్నవాడు చెబితే వినండి.

నాలుగుంపావుకి రూవీలో మా బిల్డింగు ముందున్నాం. లిఫ్టు శుభ్రంగా పనిచేస్తోంది, తలుపు తెరుచుకునే ఉంది. నేను సూట్‌కేసుతో ఎక్కాను. ఆయన ఎక్కలేదు. "నువ్వు పద, నీ పిక్క సంగతి చూసుకో" అని మెట్ల వైపు తిరిగాడు.

మూడో అంతస్తులో దిగి తలుపు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, తాళంచెవి ఆయన దగ్గరుంది. సూట్‌కేసు పడుకోబెట్టి దాని మీద కూర్చున్నాను. కింద నుంచి చెప్పుల చప్పుడు వస్తోంది. నాలుగు మెట్లు, ఆగడం. నాలుగు మెట్లు, ఆగడం. రెండో అంతస్తు దగ్గర చాలాసేపు ఆగింది. పిలవకుండా పెదవి బిగబట్టి కూర్చున్నాను.

మళ్ళీ మొదలైంది.